అవుట్‌బోర్డు ఇంజను విప్పేం: ఎక్కడ గమ్ము, ఎక్కడ లాక్‌టైటు, ఎక్కడ ఏదీ వద్దు?

తెప్పోడు_భావనపాడు
అందరికీ నమస్కారం. వేట నిషేధం కదా, జూన్ 14 దాకా తెప్ప ఒడ్డు మీదే. ఈలోగా తెప్ప వెనక తగిలించే నాన్న ఇంజను విప్పించేం. 15 హెచ్‌పీ, 2-స్ట్రోకు, రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్టు చేసే రకం. పై సిలిండర్లో పిస్టను పట్టేసి గీతలు పడిపోయేయి. రీబోరు (సిలిండరు లోపలి గోడ మళ్ళీ కోయించడం) అయిపోయింది. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, సీళ్ళు, ప్యాకింగుల సెట్టు తెచ్చుకున్నాం. క్రాంకుకేసు (క్రాంకు షాఫ్టు తిరిగే పెట్టె) రెండు చెక్కలూ బల్ల మీద ఉన్నాయి.

పేచీ అంతా బిగించే దగ్గరే. మేస్త్రీ ఏమో క్రాంకుకేసుకి సిలికాను గమ్ము దట్టంగా పెట్టి, ప్రతి బోల్టుకీ ఎర్ర లాక్‌టైటు (మరలు ఊడకుండా పట్టే జిగురు) పోసేస్తే పదేళ్ళు చూడక్కర్లేదంటాడు. నాన్న ఏమో గ్రీజు తప్ప ఏదీ వద్దంటాడు. ఇద్దరూ పెద్దోళ్ళే, మధ్యలో నేను. తెలిసినోళ్ళు చెప్పండి, ఎక్కడ ఏది రాయాలి?

చింతపల్లి_బావ
పదేళ్ళు సూడక్కర్లేదన్నది నిజవే బావూ. ఎర్రది పోసేత్తే పదేళ్ళయినా ఇప్పలేవు, ఇంకేటి సూత్తావు?

గేరుబాక్సు
తమ్ముడూ, గమ్ము సంగతి తర్వాత. ముందు పై సిలిండరే ఎందుకు పట్టేసిందో తేల్చుకున్నావా? కారణం ఉండగానే కొత్త పిస్టను వేస్తే అదీ అలాగే పోతుంది.

2-స్ట్రోకులో పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంకుకేసులోకి వస్తుంది. పిస్టను కిందికి దిగినప్పుడు అక్కడ నొక్కుడు పడి పైకి ఎగదోస్తుంది. అంటే క్రాంకుకేసే ఒక పంపు. ఆ అతుకులో గాని, క్రాంకు పైసీలు దగ్గర గాని సన్నగా గాలి లాగితే చాలు, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గిపోతుంది. ఆయిలు పెట్రోలుతోనే వస్తుంది కాబట్టి ఆయిలూ తగ్గుతుంది. సిలిండరు వేడెక్కి పట్టేస్తుంది. ఒక్క పై సిలిండరే పోయిందంటే నా అనుమానం పైసీలు మీదికి, లేదా పై కార్బ్యురేటరు దారి మీదికి పోతుంది. ఉప్పు గడ్డకట్టి పైన నీటి దారి మూసుకుపోయినా ఇదే అవుతుంది. పాత సీలు పారేయకు, దాని లోపలి రబ్బరు అంచు, అదే పెదవి, గోటితో నొక్కి చూడు.

ఇప్పుడు అతుకు. క్రాంకుకేసు రెండు చెక్కల మధ్య కాగితం ప్యాకింగు ఉండదు, గమనించే ఉంటావు. రెండిటినీ కలిపి బిగించి బేరింగు గుంటలు కోస్తారు. అంటే అక్కడ మందం సున్నా ఉండాలి. సిలికాను దట్టంగా పెడితే చెక్కల మధ్య పొరగా నిలిచిపోయి బేరింగు గుంట గుండ్రం చెడుతుంది. పక్కలకి ఉబికొచ్చిన గమ్ములో సగం లోపలికే పోతుంది. అది తాడులా ఎండి, ముక్క ఊడి ఎక్కడ అడ్డుపడుతుందో చెప్పలేం.

అక్కడికి కావలసింది గాలి అందనప్పుడు గట్టిపడే ఫ్లాంజి సీలెంటు. లాక్‌టైటులో 518 అలాంటిదే. ఇంజను కంపెనీలు సొంత పేర్లతో అమ్మేవీ, త్రీబాండ్ వాళ్ళవీ ఉన్నాయి. మీ ఇంజను మాన్యువల్లో ఏ నంబరు చెప్తే అది తెచ్చుకో. ఒక చెక్కకే, వేలితో పల్చగా. బేరింగు గుంటల అంచుకీ సీళ్ళ గుంటలకీ కొంచెం ఎడంగా ఆపెయ్. బేరింగులకి ఆయిలు పోయే కన్నం మూసుకుపోకూడదు. రెండు సిలిండర్ల మధ్య ఉన్న గోడ మీద మాత్రం తప్పకుండా రాయాలి, ఒక సిలిండరు నొక్కుడు రెండోదానిలోకి దూరకూడదు. తర్వాత నడిమి బోల్టుల నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించు.

రాగోలు_రైడర్
గేరుబాక్సు గారూ, నేను బైకుల పని చేస్తాను. అనాబాండ్ 666 పెట్టి ఎన్ని ఇంజన్లు మూసేనో లెక్కలేదు, ఒక్క చుక్క కారలేదు. సిలికాను పనికిరాదని అంత గట్టిగా చెప్పకండి.

గేరుబాక్సు
మీ బైకులు 4-స్ట్రోకువి కదా. వాటి క్రాంకుకేసులో ఉండేది ఇంజను ఆయిలు, దానికి సిలికాను తట్టుకుంటుంది, బాగానే పనిచేస్తుంది. ఇక్కడ లోపల తిరిగేది పెట్రోలు. ఎండిపోయిన సిలికాను ముక్క ఒకటి పెట్రోలులో వేసి తెల్లారి చూడండి, నేను చెప్పడం ఎందుకు.

పాలిటెక్నిక్_పంతులు
నేను శ్రీకాకుళంలో మెకానికల్ డిప్లొమా పిల్లలకి చెబుతాను. లాక్‌టైటు అనగానే రంగు చూసి కొనేవాళ్ళే ఎక్కువ, అందుకని కాస్త వివరంగా.

ఈ మరలకి రాసే జిగురు గాలి తగిలినంతసేపూ నీళ్ళలాగే ఉంటుంది. మరల సందులో గాలి అందకుండా, లోహం తగిలితేనే గట్టిపడుతుంది. సీసా సగమే నింపి అమ్ముతారు, పైన గాలి ఉండాలి కాబట్టి. షాపువాడు సగం పోసుకున్నాడని అనుకోకండి. బోల్టుని సీసాలో ముంచడం మాత్రం చేయకండి, లోహపు రజను లోపల పడితే సీసా అంతా పాడవుతుంది.

ఇనుముకీ ఇత్తడికీ త్వరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, జింకు పూత బోల్టుల మీద నెమ్మది. వాటికి ముందు ప్రైమరు కొడతారు, 7649 అలాంటిది. మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాల్లో పట్టుకుంటుంది, పూర్తి బలం రావడానికి 24 గంటలు.

222 ఊదా రంగు, చిన్న స్క్రూలకి. 243 నీలం, పానాతో విప్పుకోవచ్చు, కొద్దిగా ఆయిలు జిడ్డు ఉన్నా పట్టుకుంటుంది. 271 ఎరుపు, విప్పాలంటే ఇంచుమించు 250 డిగ్రీల దాకా వేడి చేయాలి. అల్యూమినియం ఇంజనులో ఉక్కు బోల్టుకి అంత వేడి పెడితే చుట్టుపక్కల సీళ్ళూ పెయింటూ ఏమవుతాయో ఆలోచించండి. ఇంకో సంగతి, రంగులు అన్ని కంపెనీలకీ ఒకటి కావు. నంబరు చదవండి.

అడుగు మూసి ఉన్న కన్నంలో అయితే చుక్క కన్నం అడుగున వేయాలి. బోల్టుకి రాసి తిప్పితే లోపలి గాలి దాన్ని పైకి తోసేస్తుంది. అలాగని నిండా పోయకండి, బోల్టు దిగేటప్పుడు ద్రవం అణగక ఇంజను లోహపు పోతే పగిలిపోగలదు. ప్లాస్టికు భాగాల దగ్గర వాడకండి, కొన్ని రకాలు పగుళ్ళిస్తాయి.

కళింగతీరం
తెప్పోడు తమ్ముడూ, మీ నాన్నగారి మాట పూర్తిగా కొట్టిపారేయకు. మనది హార్బరు లేని ఒడ్డు. కెరటంలోంచి నేరుగా ఇసుక మీదికి తెప్ప లాగుతాం, ఇంజను కాలు సగం ఇసుకలో. నీటి పంపులోకి ఇసుక పోకుండా ఉండదు, అందులో నీళ్ళు తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లరు, అరగకుండా ఉండదు. అంటే ఆ పంపు ఏటా విప్పవలసిందే. విప్పవలసిన చోట అంటించి పెట్టుకుంటావా?

మా ఒడ్డున ఒకరి ఇంజను చూసేను. థర్మోస్టాటు మూతకీ ఎగ్జాస్టు మూతకీ అన్నిటికీ ఎర్రది. మూత తియ్యబోతే ఆరింటిలో నాలుగు బోల్టులు తల ఊడిపోయేయి. డ్రిల్లు వేసి, కొత్త మరలు కోసి, వాటిలో తీగ చుట్ట (కాయిలు) దించి... ఆ ఖర్చుకి ఇంకో పాత బ్లాకు వచ్చును.

స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంలో ఉప్పునీళ్ళతో తడిస్తే అల్యూమినియం తినేసి తెల్లటి పొడి ఊరుతుంది. ఆ పొడి ఉబ్బి బోల్టుని పట్టేస్తుంది. దానికి మందు నీళ్ళకి కొట్టుకుపోని మెరైను గ్రీజు, లేదా బోటులకని అమ్మే యాంటీసీజు. రాగి పొడి కలిపిన యాంటీసీజు మాత్రం మన పనికి వద్దు. అల్యూమినియం, రాగి, ఉప్పునీరు మూడూ ఒకచోట చేరితే ఇంకా వేగంగా తినేస్తుంది.

పాలిటెక్నిక్_పంతులు
కళింగతీరం గారు చెప్పింది నిజమే. కానీ నీలం 243 కూడా మరల సందు నింపేస్తుంది, ఉప్పునీరు లోపలికి పోనివ్వదు. అంటే తుప్పుని అదీ ఆపుతుంది. గ్రీజు ఒక్కటే దారి అనలేం.

గేరుబాక్సు
ఇద్దరూ చెప్పినదాంట్లో నేనైతే ఇలా తేల్చుకుంటాను. అదురుకి ఊడొచ్చే బోల్టు, ఊడితే ఇంజను లోపల పడే బోల్టు, ఊరికే విప్పనిది అయితే నీలం. స్టేటరు స్క్రూలు, పల్సరు కాయిలు (ఈ రెండూ ఫ్లైవీలు కింద కరెంటు భాగాలు), రీడు రేకుల (మిశ్రమాన్ని క్రాంకుకేసులోకి వదిలే కవాటం) స్క్రూలు ఈ జాతి. రీడు స్క్రూ ఊడితే నేరుగా క్రాంకుకేసులోకే పోతుంది, అక్కడ మొహమాటం వద్దు. ఏడాదికో రెండేళ్ళకో విప్పేవి, ఉప్పునీళ్ళలో మునిగేవి గ్రీజు జాతి. థర్మోస్టాటు మూత, కింద గేరుబాక్సుని కాలికి బిగించే బోల్టులు, ఫ్యాను (ప్రొపెల్లరు) షాఫ్టు పళ్ళు. నీటి పంపు బోల్టులకి కొన్ని కంపెనీలు లాక్‌టైటు చెప్తాయి, మీ మాన్యువల్లో ఉంటే అదే చెయ్యి, లేకపోతే గ్రీజు.

ఎర్రది ఈ ఇంజనులో ఎక్కడా నాకు కనబడ్డం లేదు. మాన్యువల్లో ప్రత్యేకంగా రాసుంటే తప్ప సీసా మూత తియ్యొద్దు.

చింతపల్లి_బావ
మరి జింకు ముక్కలకో? మా గుంటడు పెయింటు ఏసీసి, దాని కింద గమ్ము పెట్టీసి బిగించీసేడు. సుబ్బరంగా ఉందంటాడు.

కళింగతీరం
పెయింటు గీకించు బావా! జింకు తను అరిగిపోయి ఇంజనుని కాపాడాలి. లోహానికి లోహం తగిలితేనే ఆ పని జరుగుద్ది. కింద గమ్ము, పైన పెయింటు ఉంటే అది ఉత్త బరువే. ఎర్తు వైరు బోల్టూ అంతే, కింద తుప్పు గీకి తెల్లగా చేసి బిగించాలి, ఏదీ రాయకూడదు. బిగించేక పైన గ్రీజు పూయి.

తెప్పోడు_భావనపాడు
చాలా సంగతులు తెలిసేయి, అందరికీ దండాలు. పాత పైసీలు చూసేను. పెదవి చెక్కలాగా గట్టిపడిపోయింది, నొక్కితే వంగట్లేదు. గేరుబాక్సు గారి అనుమానమే నిజం లాగుంది.

ఇంకొన్ని సందేహాలు. ఫ్లైవీలు నట్టుకి ఏం రాయాలి? కనెక్టింగు రాడ్డు బోల్టులకి? కొత్త సీళ్ళ చుట్టూ గమ్ము పెట్టాలా? హెడ్డు ప్యాకింగుకి మేస్త్రీ షెల్లాకు (లక్క వార్నిషు) రాస్తానంటున్నాడు.

గేరుబాక్సు
ఫ్లైవీలు: క్రాంకు కొనా, ఫ్లైవీలు కన్నమూ ఏటవాలుగా ఉంటాయి కదా, ఆ రెండిటి పట్టే ఫ్లైవీలుని మోస్తుంది. నట్టు వాటిని కలిపి నొక్కుతుంది, లోపల ఉండే 'కీ' అనే చిన్న లోహపు ముక్క నిప్పురవ్వ టైమింగు నిలబెట్టడానికే. అందుకని ఏటవాలు ముఖం రెండువైపులా థిన్నరుతో తుడిచి పొడిగా ఉంచాలి. అక్కడ గ్రీజు రాసినా, లాక్‌టైటు రాసినా ముప్పే. జారితే కీ తెగుతుంది, టైమింగు పోతుంది. నట్టుని టార్కు రెంచితో మాన్యువల్లో ఉన్న అంకెకి బిగించు. సుత్తితో కొట్టి బిగించడం మన ఒడ్డున అలవాటు, అది మానుకోండి. క్రాంకు బేరింగులు ఆ దెబ్బలు తింటాయి.

రాడ్డు బోల్టులు: ముందు అవి ఉన్నాయో లేవో చూడు. జపాను చిన్న 2-స్ట్రోకుల్లో చాలావాటికి ప్రెస్సు చేసిన క్రాంకు, రాడ్డు ఒకే ముక్క, బోల్టులే ఉండవు. ఉంటే మాన్యువల్లో ఆయిలు అంటే ఆయిలు, కొత్త బోల్టులంటే కొత్తవే. సొంత తెలివి పనికిరాదు. మరలకి ఏది రాసినా రాపిడి తగ్గుతుంది. పొడి మర కోసం మాన్యువల్లో ఇచ్చిన బిగింపు అంకె తడి మరకి పెడితే బోల్టు ఎక్కువ సాగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియకనే సగం బోల్టులు తెగుతాయి.

సీళ్ళు: బయట చుట్టూ ఇనప రేకు ఉంటే దానికి పల్చగా గ్యాస్కెట్ కాంపౌండు రాయొచ్చు. చుట్టూ రబ్బరు ఉంటే ఏదీ వద్దు. లోపలి పెదవికి మాత్రం గ్రీజు. పొడి పెదవితో మొదటిసారి తిప్పితే అక్కడే కాలిపోతుంది.

హెడ్డు ప్యాకింగు: కంపెనీది, పైన పూత ఉన్నది అయితే పొడిగానే.

కళింగతీరం
హెడ్డు దగ్గర నాకు వేరే అభిప్రాయం ఉంది. కంపెనీ ప్యాకింగు ఎప్పుడూ దొరుకుతుందా? విశాఖ హార్బరు దగ్గర కూడా లేదంటే రేకు కోయించి వేసుకునే వాళ్ళం. అలాంటప్పుడు షెల్లాకు రాసి నడిపిన పాత మేస్త్రీలు ఉన్నారు, ఆ ఇంజన్లూ నడిచేయి.

గేరుబాక్సు
నడిచేయి, కాదనను. కోయించిన రేకు అయితే ఏదో ఒకటి రాయక తప్పదు. తెప్పోడు దగ్గర సెట్టు ఉంది, దానికి మళ్ళీ షెల్లాకు ఎందుకు అంటున్నాను. హెడ్డు చదునుగా లేకపోతే ఏ గమ్మూ కాపాడదు. మందపాటి గాజు పలక మీద సన్న ఎమిరీ కాగితం పరిచి, హెడ్డుని బోర్లించి నెమ్మదిగా గుండ్రంగా తిప్పు. ఎక్కడ మెరుపు రాలేదో అక్కడ పల్లం. క్రాంకుకేసు ముఖాన్ని మాత్రం ఎమిరీతో ముట్టుకోకు. పాత సీలెంటు ప్లాస్టికు గరిటెతో గీకి, అసిటోనుతో తుడువు. గోళ్ళ రంగు తుడిచే సీసా అసిటోనే కదా అని అది వాడొద్దు, అందులో నూనెలుంటాయి.

వీరావల్_వలస
నాది బందరువానిపేట, పనికి గుజరాత్ వచ్చేను. ఇక్కడ పెద్ద బోట్లు, డీజిలు ఇంజన్లు, గాని ఒడ్డున అవుట్‌బోర్డులూ బాగు చేస్తాం. ఎవరూ కింద గేరుబాక్సు మాట ఎత్తలేదు, అందుకని రాస్తన్నాను.

ముందు గేరు ఆయిలు వంచి చూడన్నా. మజ్జిగలాగ తెల్లగా వస్తే నీళ్ళు దిగినట్టే. మన దగ్గర దానికి పెద్ద కారణం వల దారం. ఫ్యాను వెనక షాఫ్టుకి సన్న దారం చుట్టుకుని, అలా అలా సీల్లోకి దూరి పెదవిని కోసేస్తాది. బయటకి కనపడదు. ఫ్యాను తీసి చూస్తేనే తెలుస్తాది. గమ్ము ఎంత పెట్టినా ఆ సీలు మారిస్తేనే ఆగుద్ది.

ఆయిలు పోసే స్క్రూలకి లాక్‌టైటు, టెఫ్లాను టేపు ఏదీ వద్దు. వాసరు కొత్తది వేస్తే చాలు, రెండు రూపాయల వాసరు దగ్గర కక్కుర్తి పడి గేరుబాక్సు పోగొట్టుకున్నోళ్ళని చూసేను. అంతా బిగించేక ఆయిలు పోయకముందే ఒక స్క్రూ కన్నానికి గొట్టం తగిలించి, సైకిలు పంపుతో 10 పీఎస్ఐ గాలి పెట్టు. ఐదు నిమిషాలు ఒత్తిడి మీటరు ముల్లు కదలకూడదు. కదిలితే సబ్బు నీళ్ళు పూసి చూడు, ఎక్కడ బుడగలొస్తే అక్కడే దొంగ. అంతకన్నా ఎక్కువ గాలి పెట్టకు, మంచి సీళ్ళు కూడా తోసుకొచ్చేస్తాయి.

రాగోలు_రైడర్
సిలికాను ముక్క పెట్రోలులో వేసి చూసేను గేరుబాక్సు గారూ. తెల్లారికి ఉబ్బిపోయింది, గోటితో నలిపితే ముక్కలైపోతోంది. 2-స్ట్రోకుకి మీరు చెప్పిందే. బైకులకి మాత్రం నేను 666 వదలను.

గేరుబాక్సు
వదలొద్దు. 4-స్ట్రోకుకి అదే మేలు.

తెప్పోడు_భావనపాడు
పని అయింది. ఫ్లాంజి సీలెంటు పల్చగా రాసి, బోల్టులు నడిమి నుంచి బిగించేం. మేస్త్రీ మొదట గొణిగేడు గాని, రాగోలు అన్న పెట్రోలు పరీక్ష సంగతి చదివి వినిపిస్తే తనే ఒక ముక్క వేసి చూసుకున్నాడు. స్టేటరుకీ రీడు స్క్రూలకీ నీలం, నీళ్ళ బోల్టులన్నిటికీ గ్రీజు. నాన్న ముఖం వెలిగిపోయింది, సగం ఇంజనుకి గ్రీజే అన్నాడు. కింద గేరుబాక్సుకి పెట్టిన గాలి పరీక్షలో మొదట ముల్లు దిగింది. సబ్బు నీళ్ళు పూస్తే గేరు మార్చే కడ్డీ దగ్గర బుడగలు. అక్కడ చిన్న ఓ-రింగు (రబ్బరు వలయం) ఉందని అప్పుడే తెలిసింది. మార్చేక నిలబడింది.

24 గంటలు ఆగి స్టార్టు చేద్దామనుకుంటున్నాం. కొత్త పిస్టన్లకి ఆయిలు ఎంత కలపాలి?

కళింగతీరం
మామూలుగా 50 లీటర్లకి 1 లీటరు కలిపే ఇంజను అయితే, కొత్తలో రెట్టింపు, 25కి 1. నీళ్ళ ఇంజన్లకని టీసీ-డబ్ల్యూ3 అని రాసున్న ఆయిలే వాడు, 2-స్ట్రోకు బైకులకి పోసే 2టీ ఆయిలు వద్దు. మొదట డ్రమ్ములో మంచినీళ్ళు పోసి అందులో నడుపు, ఆనవాలు ధార (పంపు పనిచేస్తోందని చూపుతూ ఇంజను పక్కనుంచి చిమ్మే నీళ్ళు) వస్తోందో లేదో చూడు. ధార రాకపోతే వెంటనే ఆపెయ్. తర్వాత మొగలో నిదానంగా తిప్పుకో, మొదట్లో ఒకే స్పీడు మీద ఎక్కువసేపు ఉంచకు, ఫుల్లు లాగకు. ఒకసారి వేడెక్కి చల్లారేక హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించాలా అన్నది మాన్యువల్లో చూసుకో.

పాలిటెక్నిక్_పంతులు
బంకులో ఇప్పుడు వచ్చేది ఇథనాలు కలిసిన పెట్రోలు. అది తేమ పీల్చుకుంటుంది, మన తీరం గాలిలో ఇంకా. ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచకండి. నిషేధానికి ముందు మిగిలిన పెట్రోలుతో కొత్త ఇంజను మొదలుపెట్టొద్దు.

చింతపల్లి_బావ
ఆ నీలం సీసా మిగిలిందేటి తెప్పోడా? మా స్టేటరు స్క్రూలు గలగలమంటన్నాయి.

తెప్పోడు_భావనపాడు
ముప్పాతిక మిగిలింది బావా. శ్రీకాకుళంలో ఏడురోడ్ల దగ్గర బేరింగు షాపులో కొన్నాను, నీకు విజయనగరంలోనూ బేరింగు షాపుల్లో దొరుకుద్ది. లేదంటే ఇటొచ్చి పట్టుకెళ్ళు. ముందు స్క్రూలు తీసి మరల్లో పాత జిడ్డు తుడిచేక రాయి, ఉన్నవాటి మీద పోసేయకు.

కోనాడ_కెరటం
అన్నలూ, నాది 9.9 హెచ్‌పీ 4-స్ట్రోకు. ఆయిలు పాను (ఇంజను ఆయిలు ఉండే తొట్టి) దగ్గర చెమర్చినట్టు కారుతోంది. అక్కడ సిలికాను పెట్టొచ్చా?

రాగోలు_రైడర్
ఇది నా లైను! ముందు చెప్పు, అక్కడ కాగితం ప్యాకింగు ఉందా, లేక ఉత్త అతుకా? ఫొటో పెట్టి కొత్త చర్చ తెరువు, అక్కడికొస్తాను.